గుర్రం తోక

బల్లార్షాల రైలు గేటు పక్కన మైకుసెట్ల దుకాణం నాది.
పెండ్లికి నాలుగు బాక్సులు, చావుకు ఒకటే.
నాయిన సిర్పూరు కెల్లి కాగితం మిల్లుకొచ్చి
వెదురు మోసి మోసి వెదురు లెక్కనే వంగిండు.
నేను వైర్లు పట్టుకున్న.

మాఘంల నాగపూర్ పిల్ల ఫోను చేసింది:
రికార్డింగు ఉంది, రాజురా అవతల, మూసేసిన గని ఆఫీసుల,
లొల్లి లేని మైకులు కావాలె.
లొల్లి లేని మైకు బల్లార్షాల ఏడ దొరుకుతది?
సరే అన్న.

మెస్రం సోనేరావు అప్పటికే వచ్చి కూచున్నడు,
పర్ధాను, ఒడిల కీక్రి, నోట్లె పొగాకు.
హమ్మా దికోది మాలి దేశం, నైజరు ఒడ్డు.
సొరబుర్రకు తోలు కట్టి, దాని మీద ఒంటి తీగె,
గుర్రం వెంట్రుకలు పేనిన తీగె.
లూయెల్లా మిసిసిపీ నుంచి. అరవై దాటినయి.
చిటికెన వేలికి సీసా మెడ తొడుక్కున్నది,
ఆ సీసల ఏం తాగిందో అడగబుద్ధయింది, అడగలే.

పొద్దంతా శృతి కుదరలే.
ఆమె ఇంగ్లీషుల అంటది, పిల్ల మరాఠీ చేస్తది,
నేను తెలుగు చేస్త, సోనేరావు గోండి చేసుకుంటడు.
"కొంచెం పైకి" అన్న మాట
ఆయన దాకా పోయేసరికి "గుట్టెక్కు" అయింది.
అప్పుడన్నడు: ఇది మా తాత బిగించి పోయింది,
నేను తిప్పితే ఆయన దారి తప్పుతడు.

లూయెల్లా లేచి బయటికి పోయింది.
ఆఖరు ఏరుడు అయిపోయిన పత్తి చేను,
ఎండు కట్టెలు, ఆడొకటి ఈడొకటి తెల్లగ.
ఒక కాయ తెంపి నన్నడిగింది,
ఏరినోళ్ళకు కిలోకు ఎంతిస్తరు?
చెప్పిన.
నవ్వింది. అది నవ్వు కాదు.
దాన్నే లోపలికి తెచ్చి గిటారు మీద జార్చింది,
సోనేరావు పొగాకు ఉమిసి కమాను ఎత్తిండు,
ఎత్తంగనే కమాను తెగింది.

రాజురాల గుర్రాలేడియి ఇప్పుడు?
నాకు ఒక్కటే తెలుసు:
అబ్బాస్ భాయి బారాత్ గుర్రం, పేరు మోతీ.
బండి మీద పోయి గంటల తిరిగొచ్చిన.
గుప్పెడు వెంట్రుకలు, నూటయాభై రూపాయలు,
తొడ మీద ఒక తన్ను.

హమ్మా వాసన చూసి ఏదో అన్నడు.
సోనేరావు వాసన చూసి ఏదో అన్నడు.
పిల్ల ఆయనది చెప్పింది, నేను ఈయనది చెప్పిన:
ఆడ గుర్రమా? తోక ఉచ్చల తడిసి తడిసి మెత్తబడ్తది గద!
ఇద్దరిదీ అదే మాట.
ముసలోళ్ళు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు,
నవ్వి నవ్వి సోనేరావుకు దగ్గొచ్చింది.
హమ్మా తన తీగె గూడ విప్పి అందులకెల్లి సగం పేనుకున్నడు.
ఏ అవసరం లేకుండె. నేను చూసిన,
పాత తీగె మంచిగనే ఉండె.

ఇగ వాయించిన్రు.
ఎట్లుండెనంటే నేను చెప్పలేను,
మీటరు సూది ఎర్రల ఉన్నా తగ్గించలేదు నేను,
ముప్పై ఏండ్ల సర్వీసుల ఎన్నడూ అట్ల చెయ్యలే.
నడుమ బొగ్గు బండి పోయింది, యాభై ఎనిమిది డబ్బలు,
లూయెల్లా దాని కాలు పట్టుకొని నడిచింది.

ఒక కాడ సోనేరావు కమాను దించిండు.
ఈడికెల్లి దేవునిది. దేవుని ముందరనే.
కండ్లు మూసుకొని కూచున్నడు, వేళ్ళు మాత్రం మెదులుతున్నయి.
మిగిలినోళ్ళు ఆపలే.
ఆయన జాగ ఆయనకిడిచి చుట్టు తిరిగిన్రు,
అన్నం తినెటోని పక్కకెల్లి నడిచినట్టు.
పదకొండు సెకండ్లు.
తర్వాత పిల్ల అడిగింది, ఇక్కడ కోసెయ్యాల్నా?
ఉండనీ అన్న.

పైసలు ఇంక సగం రావాలె.
ఫాల్గుణంల డిపో వార్డుల పెండ్లి, నా బాక్సులు, మోతీ బారాత్.
తోక ఒకదిక్కు పలచగ,
పిల్లగాండ్లు దువ్వెన కావాల్నా అని ఎక్కిరిస్తున్నరు.
నన్ను చూసి చెవులు వెనక్కి పెట్టింది.
దూరం జరిగి నిలబడ్డ.